పాఠం చెప్పే తీరు ఎక్కడి నుంచి వస్తుంది

ఈ డీఎస్సీలో ఉద్యోగం వచ్చి ఒక బయాలజీ టీచర్ మా హైస్కూల్లో చేరింది. చిన్నమ్మాయి. చేరిన కొద్ది రోజులకే స్టాఫ్‌రూమ్‌లో నా పక్కన కూర్చుని, "మేడం, మీ క్లాసు వరండాలోంచి విన్నాను. ప్రశ్న అడిగి అంతసేపు ఎలా ఊరుకుంటారు? నాకైతే టెన్షన్ వచ్చేస్తుంది" అంది. బీఎడ్‌లో ఆ అమ్మాయి అన్ని బోధనా పద్ధతులూ చదువుకుంది. ఉపన్యాస పద్ధతి, ప్రదర్శన పద్ధతి, అన్వేషణ పద్ధతి, ప్రాజెక్టు పద్ధతి, వాటి లాభాలు, పరిమితులు అన్నీ పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకుంది. ఎనిమిదో తరగతి బి సెక్షన్ ముందు నిలబడగానే మాత్రం తన ఇంటర్ జువాలజీ లెక్చరర్ గుర్తొచ్చారట. ఆయనలాగే బోర్డు మీద హెడ్డింగ్ రాసి, కింద రెండు గీతలు గీసి, చెప్పుకుంటూ వెళ్లిపోయానని తనే చెప్పింది.

నేను కనిగిరి వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. ఆ అమ్మాయికి ఆ పూట నేను చెప్పగలిగింది కొంచెమే, బెల్లు కొట్టేశారు. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. కొత్తగా చేరిన టీచర్లకే కాదు, "మా వాడికి సైన్స్ సారు సరిగా చెప్పడం లేదు" అని బాధపడే తల్లిదండ్రులకు కూడా ఇది పనికొస్తుందని నా నమ్మకం.

డాన్ లార్టీ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1975లో ఒక లెక్క చెప్పాడు. బడి చదువు ముగిసే నాటికి ఒక విద్యార్థి సుమారు 13,000 గంటలు టీచర్లను దగ్గర్నుంచి చూస్తాడట. ఇంకే వృత్తిలోనూ ఇలా ఉండదు. డాక్టర్ కాబోయే పిల్ల ఆపరేషన్ థియేటర్లో అన్ని గంటలు గడపదు. టీచర్ కాబోయే పిల్ల మాత్రం తనకు తెలియకుండానే పన్నెండేళ్లు శిక్షణ పొందుతుంది. అయితే బెంచీ మీద నుంచి ఆ పిల్లకు కనిపించేది సగమే. చాక్‌పీసు, బోర్డు, గొంతు, బెత్తం కనిపిస్తాయి. ఈ ప్రశ్న ముందు ఎందుకు అడగాలి, ఈ బొమ్మ ఇప్పుడే ఎందుకు గీయకూడదు అని టీచర్ ముందు రోజు రాత్రి ఆలోచించుకున్నది కనిపించదు. అందుకే మనకు అలవడేది పైకి కనిపించే ఆ సగం.

నా సంగతే చెప్తాను. హైస్కూల్లో మా ఫిజికల్ సైన్స్ సారు స్కేలు లేకుండా పుటాకార దర్పణం బొమ్మ గీసేవారు. ఒక్క ఊపులో దర్పణం, దాని మీద ప్రధానాక్షం, నాభి, వక్రతా కేంద్రం. కిరణాలన్నీ కలవాల్సిన చోట కలిసేవి. క్లాసంతా ఊపిరి బిగబట్టి చూసేది. ఈ రోజుకీ నేను బోర్డు మీద గీసే గీత ఆయన చేతి గీతే, అందుకు ఆయనకు ఎంతో రుణపడి ఉన్నాను. కానీ ఆ బడిలో ఉన్నన్నాళ్లూ నేను నిజం పుటాకార దర్పణాన్ని చేత్తో పట్టుకోలేదు.

మా బయాలజీ మేడం వేరు. పువ్వు పాఠం రోజు దారిలో ఉమ్మెత్త పూలు కోసుకుని సంచిలో తెచ్చేవారు. బెంచీకి ఒకటి, దాంతోపాటు సగం బ్లేడు. "నిలువునా కోయండి. ఏం కనిపిస్తే అది గీయండి. పుస్తకంలో బొమ్మ చూసి గీస్తే నాకు తెలిసిపోతుంది" అనేవారు. చివర్లో అందరినీ కుళాయి దగ్గరికి పంపి చేతులు కడిగించేవారు, ఉమ్మెత్త విషం కాబట్టి. ఆమె బొమ్మలు అంత బాగా గీయలేరు, నోట్సు కూడా తక్కువే. నేను సైన్స్ వైపు వచ్చింది ఆమె వల్లే. ఎలా చెప్పాలో మొదట్లో సారు దగ్గర తీసుకున్నాను, ఎందుకు చెప్పాలో మేడం దగ్గర.

డిగ్రీ ల్యాబ్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నేటి సైన్స్ టీచర్లలో చాలామందిని తయారుచేసింది అలాంటి ల్యాబులే. లోలకంతో గురుత్వ త్వరణం కట్టాలంటే జవాబు 980 దగ్గర రావాలని అందరికీ ముందే తెలుసు. సీనియర్ల రికార్డు చేతులు మారుతూ వచ్చేది. జవాబు నుంచి వెనక్కి లెక్క వేసి రీడింగులు నింపేవాళ్లు. 950 వచ్చిందని ఎవరైనా రాస్తే, ఎందుకు వచ్చిందో కూర్చుని చూద్దామని అన్న డెమాన్‌స్ట్రేటర్ మాకు దొరకలేదు. పొడవు కొలిచేటప్పుడు గుండు మధ్య వరకు కొలిచావా, పై వరకే కొలిచావా, ఎన్ని డోలనాలకు టైము చూశావు అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే అక్కడే అసలు భౌతికశాస్త్రం మొదలయ్యేది. ప్రయోగం తప్పు ఫలితం ఇస్తే భయపడాలని నేర్చుకున్న మనిషి రేపు టీచరై పిల్లల ముందు ప్రయోగం చేయడానికి వెనకాడితే ఆశ్చర్యపోవాల్సింది ఏముంది?

ఇక కొవ్వొత్తి సంగతి. పళ్లెంలో రంగు నీళ్లు, మధ్యలో వెలిగే కొవ్వొత్తి, పైన గ్లాసు బోర్లిస్తాం. కొవ్వొత్తి ఆరిపోతుంది, నీళ్లు గ్లాసులోకి ఎక్కుతాయి. "గాలిలో అయిదో వంతు ఆక్సిజన్ ఉంది, అది కాలిపోయింది, ఆ చోటులోకి నీళ్లు వచ్చాయి" అని తరతరాలుగా చెప్తున్నారు. ఒకసారి వృత్యంతర శిక్షణలో రిసోర్స్ పర్సన్‌గా వచ్చిన సీనియర్ టీచర్ ఇదే ప్రయోగం చేసి, "నీళ్లు ఎప్పుడు ఎక్కుతున్నాయో చూడండి" అన్నారు. చూశాం. కొవ్వొత్తి వెలుగుతున్నంతసేపూ నీళ్లు పెద్దగా కదల్లేదు. ఆరిన తర్వాత ఒక్కసారిగా ఎక్కాయి. ఆక్సిజన్ ఖర్చవడమే కారణమైతే మంట ఉన్నంతసేపూ కొంచెం కొంచెంగా ఎక్కాలి కదా! తర్వాత ఆయన అదే గ్లాసు కింద మూడు కొవ్వొత్తులు పెట్టారు. నీళ్లు ఇంకా పైకి వచ్చాయి. గ్లాసు అదే, అందులోని ఆక్సిజన్ అంతే. మూడు మంటల వేడికి గాలి ఎక్కువ వ్యాకోచించి, కొంత బుడగలుగా బయటికి పోయింది. మంట ఆరగానే లోపల మిగిలిన గాలి చల్లబడి సంకోచించింది, బయటి గాలి పీడనం నీళ్లను పైకి నెట్టింది. పైగా ఆక్సిజన్ మొత్తం అయిపోకముందే కొవ్వొత్తి ఆరిపోతుంది, కాలినప్పుడు కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి పుడతాయి కూడా.

ఆ గదిలో ఉన్నవాళ్లంతా ఎమ్మెస్సీలు, బీఎస్సీలు చదివినవాళ్లే. వాయు నియమాలు అందరికీ తెలుసు. కానీ కొవ్వొత్తి దగ్గరికి వచ్చేసరికి చదువుకున్న వాయు నియమం కాకుండా ఏడో తరగతిలో విన్న వాక్యమే నోటికొస్తుంది. బోధనా శైలి అంటే గొంతు పెంచడం, జోకులు వేయడం, పీపీటీ చూపించడం అనుకుంటాం. నా దృష్టిలో దాని గుండెకాయ ఇదే: చేతికొచ్చిన వివరణను టీచర్ తనంతట తాను మళ్లీ పరీక్షించి చూస్తాడా లేదా?

పరీక్షల మాటకొస్తే, అందరూ చెప్పేదే కాబట్టి ఎక్కువ రాయను. పదో తరగతి పబ్లిక్‌లో ఫిజికల్ సైన్స్‌కు 50, బయాలజీకి 50 మార్కులు, రెండూ రాతపరీక్షలే. ప్రయోగం చేసి చూపించమని అడిగే పరీక్ష లేదు. ప్రయోగ విధానం రాయమని అడుగుతారు, దాన్ని బట్టీ పట్టి రాయొచ్చు. డిసెంబరు వచ్చిందంటే వంద రోజుల ప్రణాళిక, ఉదయం స్టడీ, సాయంత్రం స్లిప్ టెస్టులు, వెనకబడిన పిల్లల్ని తలా కొందరు దత్తత తీసుకోవడం. రివ్యూ మీటింగ్‌లో ఉత్తీర్ణత శాతం అడుగుతారు, మీ పిల్లలు అద్దం పట్టుకున్నారా అని ఎవరూ అడగరు. నోట్సు చెప్పి రాయించే టీచర్‌ను నేను మాత్రం తక్కువ చేసి మాట్లాడలేను. ఇంట్లో చదివించేవాళ్లు లేని పిల్లకు, పనుల సీజన్‌లో తల్లిదండ్రులతో వలస వెళ్లి వచ్చే పిల్లాడికి, చేతిలో ఉన్న ఆ నోట్సే పాస్ మార్కు. పాస్ అయితేనే ఆ పిల్ల ఇంటర్‌లో చేరుతుంది, లేదంటే పెళ్లి మాటలు మొదలవుతాయి. నోట్సు ఇస్తూనే నోట్సుతో ఆగకుండా ఉండటం ఎలా అన్నదే మా అసలు సమస్య.

బయటివాళ్లు ఎప్పుడూ మాట్లాడని విషయం ఇంకొకటి ఉంది. అది స్టాక్ రిజిస్టర్. చాలా బడుల్లో ల్యాబ్ అంటే ఒక బీరువా. అందులో బీకర్లు, పరీక్ష నాళికలు, కటకాలు, ఒక అమ్మీటరు, ఒక వోల్టుమీటరు. అన్నీ రిజిస్టర్‌లో ఎక్కి ఉంటాయి, ఛార్జి తీసుకున్న టీచర్ సంతకంతో. పిల్లాడి చేతిలో బీకరు పగిలితే లెక్క చెప్పాల్సింది టీచరే. బదిలీ అయ్యేటప్పుడు ఛార్జి అప్పగించాలి, తక్కువొచ్చిన వస్తువు ఏమైందంటే సమాధానం ఉండాలి. దాంతో జాగ్రత్తపరుడైన మంచి మనిషి ఏం చేస్తాడు? బీరువాకు తాళం వేస్తాడు. మరీ కావాలంటే తనే టేబుల్ దగ్గర చేసి దూరం నుంచి చూపిస్తాడు. ఆయన ప్రదర్శన పద్ధతి ఎంచుకున్నాడని మనం రాసుకుంటాం. నిజానికి ఆ పద్ధతిని ఎంచింది రిజిస్టర్.

మా హెచ్.ఎం. గారు ఈ విషయంలో చాలా మంచి పని చేశారు. వాడకంలో పగిలిన వాటికి రిజిస్టర్‌లో వేరే పేజీ పెట్టించి, అక్కడ టీచర్ ఎంట్రీ వేస్తే తానే సంతకం చేస్తున్నారు. ఇది పైసా ఖర్చు లేని పని. కానీ ఆ పేజీ వచ్చాకే మా బడిలో కటకాలు పిల్లల చేతుల్లోకి వచ్చాయి. ఏ శిక్షణా ఇవ్వలేని ధైర్యం అది ఇచ్చింది.

టీచర్ తీరును పిల్లలు కూడా మలుస్తారు. విద్యుత్ పాఠం ముందు ఒకే రకం టార్చి బల్బులు రెండు శ్రేణిలో (ఒకదాని తర్వాత ఒకటి) కలిపి, స్విచ్ వేయకుండా అడుగుతాను: "ఏ బల్బు ఎక్కువ వెలుగుతుంది?" చేతులు ఎత్తించి లెక్క బోర్డు మీద రాస్తాను. దాదాపు ప్రతి ఏడూ ఎక్కువ మంది మొదటి బల్బే అంటారు, అది కొంత కరెంటు వాడేసుకుంటుంది కదా అని. స్విచ్ వేస్తే రెండూ ఒకేలా వెలుగుతాయి. అప్పుడు గోల. ఒక ఏడు ఒకబ్బాయి, వాళ్ల నాన్న బోరు మోటార్లు రిపేరు చేస్తాడు, లేచి నిలబడి, "మేడం, కరెంటు అయిపోతే మా నాన్న రెండో వైరు వెనక్కి ఎందుకు లాగుతాడు?" అన్నాడు. మార్కుల్లో వెనక వరుస పిల్లాడు. నాకు ఆ రోజు పాఠం అక్కడి నుంచే నడిచింది. స్టార్టరు, ఫ్యూజు, మోటారు ఎందుకు కాలుతుంది, అన్నీ వాడే చెప్పాడు, నేను వాడి మాటల పక్కన విద్యుత్ ప్రవాహం, పొటెన్షియల్ భేదం అని రాసుకుంటూ పోయాను. ఆ తర్వాత నుంచి ప్రతి కొత్త బ్యాచ్‌లోనూ మొదటి వారమే ఎవరింట్లో ఏం పని చేస్తారో రాసుకుంటున్నాను. పలకల గనిలో పనిచేసే ఇంటి పిల్లలుంటారు, పాల కేంద్రం వాళ్లుంటారు, వెల్డింగ్ షాపు వాళ్లుంటారు. నా పాఠాల సగం సామగ్రి అక్కడే ఉంది.

మా కొత్త టీచర్ అడిగిన ఆ ఊరుకోవడం గురించి. మేరీ బడ్ రో అనే అమెరికన్ సైన్స్ విద్యా పరిశోధకురాలు 1970ల్లో తరగతి గదుల టేపులు విని ఒక విషయం బయటపెట్టింది. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారు. ఆ వెంటనే ఇంకొకరిని అడుగుతారు, లేదా జవాబు తామే చెప్పేస్తారు. ఒక్క సెకనులో చెయ్యి ఎత్తగలిగేది జవాబు కంఠతా వచ్చినవాళ్లే. ఆగే సమయాన్ని మూడు సెకన్లకు, ఆపైకి పెంచితే జవాబులు పొడుగయ్యాయి, మామూలుగా నోరు విప్పని పిల్లలు మాట్లాడారు, పిల్లలే ప్రశ్నలు అడగడం మొదలైంది. మూడు సెకన్లు రాతలో చిన్నవే. యాభై మంది కళ్లు మీ మీద ఉన్నప్పుడు చాలా పెద్దవి. నేను ప్రశ్న అడిగి కిటికీ దాకా నడిచి వెనక్కి వస్తాను. ఆ నడక నా కోసమే, లేకపోతే నోరు ఊరుకోదు. ఇంగ్లిష్ మీడియం వచ్చాక ఈ ఆగడం ఇంకా అవసరమైంది. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. పిల్ల ముందు తెలుగులో ఆలోచించుకోవాలి, తర్వాత ఇంగ్లిష్ మాటలు వెతుక్కోవాలి. ఆ టైము ఇవ్వకపోతే క్లాసులో ముందు బెంచీ ఒక్కటే మిగులుతుంది.

ఊరు కూడా టీచర్‌ను మలుస్తుంది. మా ప్రాంతం నీళ్ల సంగతి తెలిసిందే. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు ఫ్లోరోసిస్. మన దేశంలో దాని గురించి తొలి శాస్త్రీయ నివేదిక 1937లో వచ్చింది అప్పటి నెల్లూరు జిల్లా నుంచే. కనిగిరి, దర్శి, పొదిలి అప్పట్లో ఆ జిల్లాలోవే. ఇక్కడ అయాన్ల పాఠం చెప్పేటప్పుడు సోడియం క్లోరైడ్‌తో ఎందుకు మొదలుపెట్టాలి? పిల్లల పళ్ల మీదే ఉంది ఫ్లోరైడ్. తాతల మోకాళ్లలో ఉంది. "కాచి తాగితే పోతుందా మేడం?" అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. పోదు. నీళ్లు ఆవిరై తగ్గుతాయి, ఫ్లోరైడ్ అలాగే ఉంటుంది, కాబట్టి మిగిలిన నీళ్లలో గాఢత పెరుగుతుంది. ఆ ఒక్క జవాబు నుంచి గాఢత, ద్రావణం, స్వేదనం అన్నీ వస్తాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న పరిమితి చెప్పినప్పుడు ఒక మిల్లీగ్రాము ఎంతో పిల్లలు అడిగి మరీ తెలుసుకుంటారు. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అని పేరు, నీరీ అనే జాతీయ పర్యావరణ పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు తయారుచేశారు. పక్క రాష్ట్రంలోని జిల్లా పేరు సైన్స్‌లో ఉందని తెలిసినప్పుడు క్లాసులో వచ్చే ఉత్సాహం నాకు చాలా ఇష్టం. ఇవేవీ సిలబస్‌లో ఇదే వరుసలో లేవు. ఈ ఊళ్లో ఉద్యోగం కాకపోతే నేను కెమిస్ట్రీ ఇలా చెప్పేదాన్ని కాదు.

ఒంటరిగా ఏ టీచరూ తీరు మార్చుకోలేరు. హోషంగాబాద్ గురించి చదివినప్పుడల్లా నాకు ఇదే అనిపిస్తుంది. 1972లో మధ్యప్రదేశ్‌లోని ఆ జిల్లాలో కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు స్వచ్ఛంద సంస్థలు 16 మిడిల్ స్కూళ్లలో ప్రయోగాలతో సైన్స్ చెప్పడం మొదలుపెట్టాయి. 1978లో జిల్లా అంతటికీ వెళ్లింది. తర్వాత 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ దాన్ని నడిపింది. కిట్లు ఇచ్చారు, పరీక్ష పుస్తకం చూసి రాయొచ్చు, చేసి చూపించే పరీక్ష కూడా ఉండేది. అన్నిటికన్నా నాకు నచ్చింది వాళ్లు టీచర్లను చూసిన తీరు. ఢిల్లీ యూనివర్సిటీ నుంచి, టాటా పరిశోధనా సంస్థ నుంచి శాస్త్రవేత్తలు సెలవుల్లో వచ్చి పల్లెటూరి టీచర్లతో కింద కూర్చుని ప్రయోగాలు చేసేవారు. పిల్లలు చేసే ప్రయోగాలన్నీ ముందు టీచర్లు చేసేవారు. నెలనెలా కలుసుకుని ఏ అధ్యాయంలో ఎక్కడ ఇరుక్కున్నారో మాట్లాడుకునేవారు. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. ముప్పై ఏళ్లు నడిచిన పని. తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

మనకు చుట్టుపక్కల బడుల టీచర్లందరూ కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు ఉన్నాయి. వాటిని వాడుకోవచ్చు. సర్క్యులర్లు చదవడం, యాప్‌లో వివరాలు ఎక్కించడం ముగించేసరికి మధ్యాహ్నం అవుతుంది, నిజమే. అయినా భోజనాల తర్వాత ఒక గంట మాది అని మా కాంప్లెక్స్ ఫిజికల్ సైన్స్ టీచర్లం ఒప్పించుకున్నాం. ఒకరు ప్రయోగం తెస్తారు, మిగతావాళ్లం పిల్లల్లా కూర్చుని ముందు ఏం జరుగుతుందో ఊహించి చెప్తాం, తర్వాత చేస్తాం. వచ్చే నెల నా వంతు. కుంభాకార కటకం సగం నల్ల కాగితంతో మూసేస్తే గోడ మీద ప్రతిబింబం సగమే పడుతుందా, పూర్తిగా పడుతుందా? పదో తరగతి పుస్తకంలో అభ్యాసాల్లో ఉన్న ప్రశ్నే. కటకంలో మిగిలిన సగం గుండా కూడా వస్తువు మీది ప్రతి బిందువు నుంచి కిరణాలు వెళ్తాయి కాబట్టి బొమ్మ పూర్తిగానే పడుతుంది, వెలుగు మాత్రం తగ్గుతుంది. కాగితం మీద జవాబు రాయడం సులువు, కొవ్వొత్తి వెలిగించి గోడ మీద చూసినప్పుడు ఎవరి కళ్లూ వెంటనే నమ్మవు. బయాలజీ వాళ్లను కూడా రమ్మన్నాను, కన్ను పాఠం వాళ్లకూ పనికొస్తుంది. ఎవరి బడిలో కటకం ఉంటే వాళ్లు తెచ్చుకోండి. పగిలితే రిజిస్టర్‌లో ఎంట్రీ ఎలా వేయాలో మా హెచ్.ఎం. గారి పేజీ నకలు తెస్తాను.